మక్బూల్ బొడిపెలు

ప్రొద్దుటూరులో మక్బూల్ షెడ్డుకు పంచరు వేయించుకోవడానికి పోయినా సరే, రెండు బొడిపెలు మొలవనిదే ఏ బండీ బయటికి రాదు.

వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఇనప చేతులను స్వింగ్ ఆర్మ్ అంటారు. దానికి చెరోవైపు బొడిపె బిగిస్తే, ప్యాడాక్ స్టాండు తన కొక్కేలతో వాటిని పట్టి బండిని నిటారుగా ఎత్తుతుంది. చక్రం గాల్లో గిర్రున తిరుగుతుంది. బహ్రెయిన్‌లో రేసుబండ్ల షెడ్డులో పనిచేసినప్పుడు మక్బూల్ ఆ వైభవం చూశాడు. అంతే, ఊరికి తిరిగొచ్చాక సైడు స్టాండు మీద వాలిన బండి కనబడితే ఆయనకు అన్నం సయించేది కాదు.

"ఏందప్పా ఇది, గోడకానుకున్న తాగుబోతు మాదిరి?" అనేవాడు.

పాలమ్మే సంజీవమ్మ మోపెడ్‌నూ వదల్లేదు. ఆమె వాటికి శుభ్రంగా పాలక్యాన్లు తగిలించుకుంది. ఎలక్షన్లొస్తే రెండు పార్టీలవాళ్ళూ వాటికే జెండాలు కట్టేవాళ్ళు. "జెండాలకు గాదప్పా అవి" అని మక్బూల్ మొత్తుకున్నా వినేదెవరు?

ఇక ఆ కొలతలు! ఇరుసు నుంచి ఎడమకెంతో కుడికీ అంతే ఉండాలి. దారం పట్టి ఏడుసార్లు చూసేవాడు. పెళ్ళాం ఖాజాబీ ముందు ఏ తప్పైనా ఒప్పుకుంటాడు గానీ, కొలత తప్పిందని మాత్రం ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ ఒప్పుకోలేదు.

ఫ్యాక్షన్ ముదిరిన ఆ ఎలక్షన్ల ఏడాది, జమ్మలమడుగు దగ్గర రెండు పార్టీలూ కొట్లాటకు దిగబోతున్న రోజు పొద్దున్నే గంగులయ్య తన రాజ్‌దూత్‌తో వచ్చాడు. గొర్రెలు మేపే ఈశ్వరమ్మకు పెద్దకొడుకు. గొర్రెలను అమ్మకు వదిలేసి నాయకుడి వెంట తిరుగుతున్నాడు.

"మామా, చైను బిన్నా బిగించు. పదింటికల్లా ఆడుండాల. మావోళ్ళు జీపులో పోయినారు."

నడుం దగ్గర చొక్కా ఎత్తుగా ఉంది. మక్బూల్ అటొకసారి చూసి, బండిని స్టాండెక్కించి చక్రమే విప్పేశాడు. పది దాటింది.

"ఏమైంది మామా?"

"పోయినేడు పెట్టిన బొడిపెలు ఎగుడుదిగుడుగా ఉండాయి. కొలత తప్పినా. కోసి మళ్ళా అతికించాల."

"అవి లేకుంటే బండి నడవదా?"

"బండి నడుస్తాది. నా పరువు నడవదు."

టీ తెచ్చిన ఖాజాబీ గ్లాసులు కింద పెట్టింది. ఈయన కొలత తప్పడమా? వంగి చూసింది. బొడిపెల్లో వెంట్రుకవాసి తేడా లేదు. తలెత్తి చూస్తే షెడ్డులో ఇంకా ఐదు బండ్లు చక్రాలు లేకుండా గాల్లో ఉన్నాయి. రెండు గంగులయ్య పార్టీవి, మూడు అవతలి పార్టీవి. ఆమెకంతా అర్థమైంది. ప్రాణం పోయినా ఒప్పుకోని మాటను ఆ మనిషి ఆరుగురి ముందు ఒప్పుకున్నాడన్నమాట. ఆమెకు పట్టరానంత గర్వం కలిగింది.

"వెల్డింగు బాగా చల్లారనీ. ఈ మనిషి ఈమధ్య అన్నీ తప్పులే చేస్తాండాడు" అంది గట్టిగా.

బస్సులు బందు. గంగులయ్య తిట్టని తిట్టు లేదు. మధ్యాహ్నం అడిగినా, మూడింటికి అడిగినా మక్బూల్‌ది ఒకటే జవాబు. "ఇంగా చల్లారాల."

పొద్దువాలేసరికి కబురొచ్చింది. జీపులో పోయినవాళ్ళలో నలుగురు ఆసుపత్రిలో పడ్డారు, మిగతావాళ్ళు జైల్లో ఉన్నారు. గంగులయ్య చక్రం బిగించిన బండిని తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఓట్ల లెక్కింపు రోజు తెల్లారకముందే మళ్ళీ వచ్చాడు. ఈసారి తోసుకొచ్చింది తమ్ముడి బండిని.

"మామా, దీనికి గూడా కొలత తప్పించు. వాడొచ్చి అడుగుతాడు. పొద్దుగూకేదాకా ఈయొద్దు."

"వాడు నీకంటే కోపిష్టి గదప్పా. శానా తిడతాడు."

"తిట్టనీ. నేనూ ఈడనే కూర్చుంటా."

లోపల ఖాజాబీ ఎసట్లో ఇంకో ఇద్దరికి బియ్యం పోసింది.