కోట ఎక్కకూడని రోజు: హిందూపురం నుంచి ధర్మవరం దాకా

నేను బెంగళూరులో ప్రకటనలకూ సీరియళ్ళకూ తెలుగు, కన్నడ మాటలు రాస్తుంటాను. పుట్టింది హిందూపురంలో. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒక్క రోజులో చూసి రావచ్చా అని తెలిసినవాళ్ళు అడుగుతుంటారు. రావచ్చు. పోయిన నెల నేను అలాగే తిరిగి వచ్చాను. దారి చెబుతాను, దాంతోపాటు ఆ రోజు నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెబుతాను.

నేను వెళ్ళింది ఊళ్ళు చూడటానికి కాదు, ఒక మనిషికి శుభవార్త చెప్పడానికి. అతని పేరు నంజుండ. మా వీధివాడే, నన్ను అక్కా అని పిలుస్తాడు. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తూ, సెలవు దొరికితే పల్లెల్లో పౌరాణిక నాటకాలాడతాడు. సరిహద్దు పల్లెల్లో పద్యం తెలుగులో ఎత్తుకుని మాట కన్నడలో విసిరితే ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఈలలేస్తారు. రాజు వేషంలో నంజుండ అంత బాగా ఆ పని చేసేవాణ్ణి నేనింకా చూడలేదు. కొరియాలో ఒక రియాలిటీ షో కోసం రెండు భాషల్లో ఆడగలిగే రంగస్థల నటుడు కావాలని నా పనిచోట తెలిస్తే, వాడి ఆటను ఫోన్లో తీసి పంపాను. రకరకాల దేశాల నటులు అక్కడ ఒక పల్లెటూరి ఇంట్లో రెండు నెలలు కలిసి ఉండి, ఒకరి ఆట ఒకరు నేర్చుకోవాలి. వీడియో కాల్‌లో వాడితో రెండుసార్లు మాట్లాడారు. వాడు దీనికోసమే పాస్‌పోర్టు చేయించుకున్నాడు. ముందురోజు సాయంత్రం నాకు కబురొచ్చింది, మన దేశం నుంచి వాణ్ణే తీసుకున్నారు. మర్నాటి సాయంత్రంలోగా వాడు సరేనంటే చాలు, లేదంటే వరసలో ఉన్న ఇంకొకరికి ఇస్తారు.

అప్పుడే ఫోన్ చేస్తే అయిపోయేది. కానీ మా వైపు ఇదొక పట్టింపు. పెళ్ళి కుదిరినా, బిడ్డ పుట్టినా, ఉద్యోగం వచ్చినా మనిషి వెళ్ళి, చేతిలో తీపి పెట్టి చెప్పాలి. "మంచి మాట గాలికి చెప్పగూడదే పాపా, చేతికి చెప్పాల" అనేది మా అవ్వ. దానికితోడు ఆ మాట వినగానే వాడి మొహం ఎలా మారుతుందో నా కళ్ళతో చూడాలన్న ఆశ. రాత్రంతా ఆ మొహాన్నే ఊహించుకుంటూ పడుకున్నాను.

బెంగళూరు నుంచి హిందూపురానికి తెల్లవారుజామున రైలెక్కితే రెండు గంటల పైచిలుకు. మామూలు పెట్టెలో వంద రూపాయలు కూడా కాదు. దిగగానే స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి. బొరుగులు నానబెట్టి తాలింపు వేసే ఈ ఉగ్గాని మా సీమ దాటితే ఇలా కుదరదు. అంగడి ఆమె నా చేతిలోని పాలకోవా డబ్బా చూసి, "యాడికమ్మా, పెండ్లిచూపులకా?" అని నవ్వింది. "దానికంటే పెద్దదే" అన్నాను. నాలుగు వీధులు నడిచి నంజుండ ఇంటికి వెళ్ళాను.

తలుపు తీసింది వాడి భార్య గౌరి. "రా వదినా, ఆయప్ప ల్యాడే. రాత్రి షిఫ్టు. ఎర్రమంచిలో సావాసగాని రూములో పండుకోనుంటాడు. మధ్యాన్నం లేసి, ఆడినుంచి ఆడే ధర్మవరం పోతాడు, మేస్టరింటికి, ప్రాక్టీసుకు." కాఫీ చేతికిస్తూ, "ఆ కొరియాది ఏమన్నా తెలిసెనా వదినా? గాండ్లపెంటకాడి పల్లెవోళ్ళు ఆటకని నాలుగు దినాలనుంచి తిరుగుతాండారు. ఈయప్ప రేపు మాపు అంటా తోసుకోనొస్తాండాడు" అంది. నోటిదాకా వచ్చింది. వాడికంటే ముందు ఇంకెవరికీ చెప్పకూడదని మింగేశాను. "చూద్దాంలే గౌరీ" అన్నాను, మొహం రాయిలా పెట్టుకుని. ఆమె మొహం చిన్నబోయింది. సాయంత్రానికి వాడే నవ్వుతూ చెబుతాడులే అనుకుని లేచాను.

పెనుకొండ బస్సు సోమందేపల్లి మీదుగా గంటలో చేరుతుంది. ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే టికెట్టు లేదు. నా కార్డు మీద ఇప్పటికీ హిందూపురం అడ్రసే ఉంది కాబట్టి దర్జాగా కూర్చున్నాను. సోమందేపల్లి దాటాక ఫ్యాక్టరీ షెడ్లు, కంచె అవతల ఎండలో మెరిసే కొత్త కార్ల వరసలు కనిపిస్తాయి, కంచె ఇవతల గొర్రెలు. ఎర్రమంచి స్టాపులో లేచి నిలబడ్డాను. కండక్టరు తాడు మీద చెయ్యి వేసి, "దిగుతాండావామ్మా?" అని అడిగాడు. రాత్రంతా పని చేసిన మనిషి, నిద్ర చెడగొట్టడమెందుకు, మధ్యాహ్నం లేచాకే చెబుదాం అనిపించింది. "లేదన్నా, పెనుకొండకే" అని మళ్ళీ కూర్చున్నాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదే, కాకపోతే అది మంచితనమని అనుకున్నాను.

పెనుకొండలో కోట తప్పక చూడదగ్గది. బస్టాండు నుంచి కొండ కింద గగనమహలు అనే పాత రాజభవనం దాకా నడక. అక్కడి నుంచి కొండెక్కడానికి గంటన్నర, మధ్యలో ఆగే అలవాటుంటే ఇంకాస్త. నీళ్ళు కిందే కొనుక్కోండి, పైన ఏమీ దొరకదు. విజయనగరం రాజులు వచ్చి కాపురమున్న చోటు కదా, పడిపోయిన గోడల్లో కూడా ఒక దర్పం ఉంటుంది. సగం కొండ మీద మేకలు తోలుకుపోతున్న పెద్దాయన, "ఏమమ్మా, ఒక్కతివే వచ్చిండావు?" అని అడిగితే, వచ్చే సంవత్సరం కొరియావాళ్ళను వెంటబెట్టుకొస్తానని గొప్పలు పోయాను. పైన బురుజు మీద నిలబడి సెల్ఫీ తీసుకుని, "చల్లని గాలి, పాత రాజులు, కొత్త ఉత్సాహం" అని స్టేటస్ పెట్టాను. చాలా రోజుల తర్వాత మనసు తేలిగ్గా ఉంది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే చిరాకేస్తుంది.

దిగి షేర్ ఆటోలో ఎర్రమంచి వెళ్ళాను. ముప్పై రూపాయలు. రూములో వాడి స్నేహితుడు లుంగీ కట్టుకుని అన్నం వండుతున్నాడు. "నంజుండన్ననా? పాయగదక్కా. గాండ్లపెంటోళ్ళు జీపులో వచ్చి పిలుచుకోనిపాయిరి, ధర్మవరానికే" అన్నాడు. అప్పుడైనా ఫోన్ తీయాల్సింది. ఇంతదూరం వచ్చి ఇప్పుడు గాలికి చెప్పడమేమిటని మళ్ళీ పెనుకొండ వచ్చి ధర్మవరం బస్సు పట్టుకున్నాను. గంటన్నర పైగా వేరుశనగ చేలు, రాళ్ళగుట్టలు. కిటికీ పక్క సీటు దొరికితే ఎండ తగలని వైపు చూసుకోండి.

ధర్మవరంలో చాలామంది పట్టుచీరల అంగళ్ళకే వెళ్తారు. మగ్గాల వీధుల్లో నడిచి చూడండి, పొద్దుమూకేదాకా మగ్గం చప్పుడు వినపడుతూనే ఉంటుంది. హార్మోనియం మేస్టరు ఇల్లు అలాంటి వీధిలోనే. ఆయన పగలు నేస్తాడు, తీరిక దొరికితే నాటకం నేర్పుతాడు. వాకిట్లో జీపు. లోపల చాప మీద తెల్లపంచెల్లో నలుగురు పెద్దమనుషులు, మధ్యలో ఇత్తడి పళ్ళెం, అందులో ఆకులూ వక్కలూ. నన్ను చూసి నంజుండ లేచి బయటికొచ్చాడు. వాడి నోరు ఎర్రగా పండి ఉంది.

నేను దేన్నీ గమనించే స్థితిలో లేను. డబ్బా మూత తీసి, కోవా వాడి చేతిలో పెట్టి, "నిన్నే తీసుకున్నారబ్బా! కొరియాకు పోతాండావు!" అన్నాను. రాత్రంతా ఊహించుకున్న మొహం ఒక్క క్షణం కనిపించింది. తర్వాత వాడు కోవా వైపు చూస్తూ అరుగు మీద కూర్చుండిపోయాడు.

"ఎప్పుడు తెలిసెక్కా?"

"నిన్న సాయంత్రం."

"నిన్ననా?" అన్నాడు. "పొద్దున గౌరి ఫోన్ చేసింది. అక్క వచ్చె, ఏం చెప్పలా, మొకం సరిగా ల్యాదు అనె. సరే, అక్క ఎర్రమంచి రూముకొస్తాదేమోనని చూస్తా ఉంటి. ఆకు పట్టుకోని ఈళ్ళు వాకిట్లో కూకోనుండిరి. అప్పుడు నీ స్టేటస్ చూస్తి. కోట మీద నిలబడుకోనుండావు. మంచి కబురుంటే అక్క నా తావకే వస్తాది గాని కోట చూసేకి పోతాదా? రాలేదని చెప్పేకి మనసురాక తిరుగుతాంది పాపం అనుకుంటి. ఆకు తీసుకుంటి."

మా పల్లెల్లో నాటకానికి కాగితాలుండవు. ఊరి పెద్దలు తాంబూలం ఇస్తారు. నటుడు అందులోంచి ఒక ఆకు తీసి వాళ్ళ ముందే నమిలితే మాట ఖాయం. ఆ తర్వాత ఊరివాళ్ళు వేరే మేళాన్ని వద్దంటారు, నటుడు వేరే ఊరిని వద్దంటాడు. ఆట ఆ ఊరి జాతరకు, ఆ జాతర సరిగ్గా షో జరిగే రోజుల్లోనే. వేరే రాజు వేషగాణ్ణి వెతుకుదామన్నాను. తాంబూలం తిరిగి ఇచ్చేద్దామన్నాను. నేనే వాళ్ళ కాళ్ళు పట్టుకుంటానన్నాను. మేస్టరు కూడా బయటికొచ్చి, "పోరా నంజుండా, ఊరోళ్ళకు నేను చెప్పుకుంటా" అన్నాడు.

"నమిలిన ఆకు యాడ తిరిగిచ్చేది మేస్టరూ?" అన్నాడు నంజుండ. "వానల్లేక ఆ ఊర్లో మూడేండ్లు ఆట ఆగిపాయె. ఇప్పుడు ఇంటింటికీ తిరిగి చందాలెత్తి చేయించుకుంటాండారు. ఇంకో మేళం వచ్చి అడిగితే నంజుండ ఉండాడని పంపించేసిరంట ఇందాకనే. నేను కొరియాలో కూకోని ఏం మొకం పెట్టుకోని పద్యం చెప్పేది?"

నాకు ఏడుపొచ్చింది. చేతికందింది నోటికి అందకుండా చేసింది నేనే. వాడు మాత్రం నన్నొక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం స్టేషన్ దాకా వాడే వచ్చాడు. ప్లాట్‌ఫారం మీదే బెంగళూరుకు ఫోన్ చేసి రాలేడని చెప్పాను. అవతలివాళ్ళు మర్యాదగా సరేనన్నారు. ఫోన్ పెట్టేశాక నంజుండ, "ఆ ఇల్లు ఎట్లుంటాదక్కా? ఫోటో ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు. చూపించాను. పెంకుటిల్లు, వెనక కొండ, వాకిలంతా మంచు. వాడు రెండు వేళ్ళతో పెద్దది చేసి గడప దగ్గర వరసగా విడిచిన చెప్పులు చూశాడు. "ఆడా బయటే ఇడస్తారే, మన మాదిరి" అన్నాడు. రైలు వచ్చేదాకా ఫోన్ తిరిగివ్వలేదు.

మంచి కబురు మనిషి చేతికే చెప్పాలన్న మా అవ్వ మాట తప్పని ఇప్పటికీ అనను. కాకపోతే నేను వాడి కోసం కాక నా సంబరం కోసం వెళ్ళాను, అదీ నా బాధ. వాడు ఎర్రమంచిలో నిద్రపోతున్నాడని నేను కొండెక్కుతుంటే, వాడు మేలుకుని నా అడుగుల కోసం వింటున్నాడు. మూడు ఊళ్ళూ ఒక్క రోజులో తిరగాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ధర్మవరం ముందు చూసుకుని, పెనుకొండ కోటను సాయంత్రం నాలుగు తర్వాతకు పెట్టుకోండి, ఎండ తగ్గి కొండ సులువవుతుంది. పొద్దున బస్సు ఎర్రమంచిలో ఆగినప్పుడు, మీకు అక్కడ ఎవరైనా ఉంటే, దిగి నిద్ర లేపండి.