జహంగీర్ మాస్టర్ ఉప్పు, నా ఇరవై పేర్లు

2023 వానాకాలం. పురానాపూల్ నుంచి ధూల్‌పేట్ వైపు మళ్లే ఒక సందులో మా జడీబూటీ దుకాణం. ఎండు మూలికలు, వేర్లు, గింజలు, చూర్ణాలు అమ్ముతాం. అత్తగారి చేతి నుంచి అది నాకు వచ్చి అప్పటికి ఇరవై రెండేళ్లు. నేను చదివింది ఎనిమిదో తరగతి. వైద్యం చదవలేదు, ఎవరికీ చేయను. తూకం, లెక్క మాత్రం నా అంతట నేనే నేర్చుకున్నాను. ఏ వేరు ఎండితే కిలోకు ఎంత తగ్గుతుందో, ఏ ఆకు ఎన్ని నెలలకు వాసన పోగొట్టుకుంటుందో రాసుకున్న నోటుపుస్తకాలు నా దగ్గర పదకొండు ఉన్నాయి.

జ్ఞాపకశక్తి కోసం మందు అడిగేవాళ్లు ఏడాది పొడుగునా వస్తారు. పరీక్షల ముందు తల్లులు, రిటైరైన ఉద్యోగులు. ఎక్కువమంది అడిగేది బ్రాహ్మి. ఇందులో ఒక చిక్కుంది. బజారులో రెండు వేరువేరు మొక్కలు ఆ పేరుతోనే అమ్ముడవుతాయి. గుండ్రటి ఆకులుండే సరస్వతి ఆకు ఒకటి, తడి నేలలో పాకే చిన్న మందపాటి ఆకుల నీటి బ్రాహ్మి ఇంకొకటి. పొడి చేశాక రెండింటి తేడా పట్టడం కష్టం. అందుకని నేను ఎండుకాడలు తెప్పించి, ఏరి, దుకాణంలోనే దంచిస్తాను. ఏ మొక్కో చెప్పి అమ్ముతాను. పనిచేస్తుందా అని అడిగితే "చాలామంది మళ్లీ వస్తారు" అనేదాన్ని. అది జవాబు కాదని నాకూ తెలుసు.

జహంగీర్ మాస్టర్ వచ్చింది మొహర్రం మొదట్లో. పెళ్లి విందులకు దేగులనే పెద్ద గుండిగల్లో బిర్యానీ వండే మనిషి, వయసు యాభై ఎనిమిది. మేక కాళ్ల పాయాలో మూటకట్టి వేసే పొట్లీ మసాలా కోసం ఏళ్లుగా మా దుకాణానికే వచ్చేవాడు. ఆ రోజు మసాలా అడగలేదు.

"అక్కా, దిమాగ్‌కు దవా ఏదన్న ఉంటే ఇయ్యి."

"ఎవరికి మాస్టర్?"

"నాకే. పోయిన నెల ఒక దేగుల ఉప్పు రెండుసార్లు ఏసిన. వంద మంది తినే దేగు. మొత్తం పారబోసిండ్రు." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "యూసుఫ్ ఏమంటుండో ఎర్కేనా? భయ్యా, నువ్వు ఇంట్ల కూసో, గరిటె నాకియ్యి అంటుండు."

యూసుఫ్ ఆయన తమ్ముడు, ముప్పై ఏళ్లుగా పక్కనే పనిచేస్తున్నవాడు. మొహర్రం నుంచి, సంతాప దినాలు ముగిసే చెహల్లుం దాకా సుమారు యాభై రోజులు మా వైపు ముస్లిం ఇళ్లలో పెళ్లిళ్లు దాదాపు ఉండవు, వంటవాళ్లకు ఖాళీ. ఆ తర్వాత పద్నాలుగు దేగుల పెద్ద పెళ్లి ఒకటి ఒప్పుకొని ఉన్నారు. అది అన్న వండుతాడా, తమ్ముడు వండుతాడా అనేది చెహల్లుం నాటికి పెళ్లివారికి చెప్పాలి.

"మళ్ల ఒక్కసారి ఉప్పు తప్పితే పాతబస్తీల నన్ను ఎవ్వడు పిలవడు అక్కా," అన్నాడు.

"ముందు డాక్టర్‌కు చూపించుకో. ఆ చీటీ తెస్తేనే పొడి ఇస్త."

"నువ్వు దుకాణం పెట్టినవా, ఆర్టీవో ఆఫీసు పెట్టినవా?"

విసుక్కుంటూనే వెళ్లి వచ్చాడు. డాక్టర్ రక్తపరీక్షలు చేయించి, చాలా ప్రశ్నలు అడిగి, భయపడాల్సింది ఏమీ కనబడలేదన్నాడు. వాడుతున్న బీపీ మాత్ర చూసి, ఈ పొడి కొన్నాళ్లు వాడి చూడొచ్చని కూడా చెప్పాడట.

అప్పుడు నాకొక ఆశ పుట్టింది. ఇరవై రెండేళ్లుగా పొట్లాలు కట్టిస్తున్నాను, తీసుకెళ్లినవాళ్లకు ఏమైందో లెక్క లేదు. ఇక్కడ ఒక మనిషి ఖాళీగా ఉన్నాడు, రోజూ రాగలడు.

"పొద్దున పదకొండింటికి రా మాస్టర్. నా సొరుగులల్ల ఉన్నవి ఇరవై పేర్లు చెప్త. చాయ్ తాగినంక ఎన్ని యాదికున్నయో చెప్పాలె."

"బడిల గూడ ఇంత లొల్లి లేకుండె," అన్నాడు కానీ వచ్చాడు.

మొదటి వారం పొడి ఇవ్వలేదు. మందు ముట్టకముందు ఎంత ఉందో తెలియకపోతే తర్వాత పెరిగిందో తగ్గిందో ఎలా చెప్పగలం? దాన్ని బేస్‌లైన్ అంటారని ఆ తర్వాత ఎవరో చెప్పారు. ఆ వారం అంకెలు: 9, 8, 10, 9, 9, 11, 7. సగటు తొమ్మిది. ఎనిమిదో రోజు నుంచి గోరువెచ్చటి పాలలో నీటి బ్రాహ్మి. రోజూ కొత్త ఇరవై పేర్లు. రెండో వారం సగటు పదకొండు. మూడో వారం పద్నాలుగు. నాలుగో వారం పదిహేడు.

నేను సులువుగా నమ్మే మనిషిని కాను. అయినా ఆ పదిహేడు కింద రెండు గీతలు గీశాను. మాస్టర్ ముఖం కూడా మారింది. "యూసుఫ్‌కు చెప్పిన, గరిటె మీద ఆశ పెట్టుకోకు అని," అన్నాడు నవ్వుతూ.

ముప్పయ్యో రోజు వాన ఏటవాలుగా కొట్టింది. మాస్టర్ ఎప్పుడూ కౌంటర్ బయట, సొరుగుల గోడకు ఎదురుగా స్టూలు మీద కూర్చునేవాడు. అది తడిసిపోతోందని లోపలికి పిలిచి, గోడకు వీపు ఆనేలా ఒక బస్తా మీద కూర్చోబెట్టాను. పేర్లు చెప్పాను. చాయ్ అయింది. తొమ్మిది.

"పొడి మింగినవా?"

"మింగిన, నీ మీదొట్టు."

మర్నాడూ వానే, అదే బస్తా. ఎనిమిది. ఆ మర్నాడు ఎండ కాసింది, ఆయన తన స్టూలు మీద కూర్చున్నాడు. పద్దెనిమిది.

వానను బట్టి పనిచేసే మూలిక నాకు తెలిసి లేదు. నోటుపుస్తకం మూసి అడిగాను. "మాస్టర్, నిజం చెప్పు. పేర్లు ఎట్ల యాదికి పెట్టుకుంటున్నవ్?"

"గండ్ల ఏముంది? నువ్వు గోడ దిక్కు తిరిగి చెప్తవ్ గద. పేరు పేరుకు నీ తల ఒక సొరుగు దిక్కు పోతది. ఆ సొరుగు చూస్కుంట. చాయ్ తాగినంక మళ్ల గోడ చూస్కుంట చెప్త."

"నెల రోజుల సంది నన్ను బేవకూఫ్ చేసినవా?"

"బేవకూఫ్ ఏంది అక్కా? కండ్లు మూస్కొమ్మని నువ్వు చెప్పలే."

నా గోడ మీద నూట అరవై సొరుగులు, ఒక్కదాని మీద కూడా పేరు లేదు. అందుకే అటు చూస్తే ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. నాలుగు వారాలు నేను కొలిచింది బ్రాహ్మిని కాదు. రోజురోజుకూ నా గోడ ఆయనకు ఎంత అలవాటైందో దాన్ని కొలిచాను. తప్పు పూర్తిగా నాదే.

ఆయన ముఖం కూడా వాడిపోయింది. "అంటే దవా పని చేస్తలేదా? ఇగ యూసుఫే వండాలె అన్నట్టు."

నా బుర్ర మాత్రం ఇంకో చోట ఆగింది. "వంట దగ్గర గూడ గిట్లనే, చూస్తేనే యాదికుంటదా?"

"అంతే గద. ఉస్తాద్ నేర్పిందే గది. దేగు పక్కన పన్నెండు గిన్నెలు వరుసల పెట్టాలె. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, పచ్చి బొప్పాయి ముద్ద, అన్ని కొలిచి. ఏసిన గిన్నె బోర్లించాలె. నిలబడ్డ గిన్నె ఉంటే అది ఇంక ఎయ్యలే అన్నట్టు."

"ఉప్పు రెండుసార్లు పడ్డ రోజు గిన్నెలు ఉండెనా?"

"లేవు. రెండేండ్ల సంది ఫంక్షన్ హాలోళ్లే సామాన్ ఇస్తున్నరు, సంచులల్ల. గిన్నెలు కడుగుడు తప్పిందని మేం గూడ బంద్ చేసినం. సంచిలకెల్లి ముంచి ఏసుడే."

"ఈ రెండేండ్లల్ల తప్పులు ఎన్ని?"

"మూడు."

"అంతకుముందు ముప్పై ఏండ్లల్ల?"

"ఒక్కటి. అది గూడ పిల్లి చేసింది." నవ్వబోయి ఆగిపోయాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఒక గరిటె తీసినా సంచి సంచి లెక్కనే ఉంటది గద అక్కా. ఏసినమో లేదో ఎట్ల తెల్వాలె?"

చెహల్లుం ముందు రోజు పెళ్లివారికి తానే వండుతానని చెప్పాడు. యూసుఫ్ ఒక షరతు పెట్టాడు. ఒక్క దేగులో తేడా వచ్చినా గరిటె అక్కడే తనకు ఇచ్చేయాలి. దుకాణానికి వచ్చి నాతో కూడా అన్నాడు. "దవాకని వస్తే మా భయ్యాకు గిన్నెలు అంటగట్టినవ్ అక్కా."

పెళ్లి రోజు మధ్యాహ్నం మూడింటికి నన్ను కూడా రమ్మన్నారు. హాలు వెనక రేకుల కింద పద్నాలుగు దేగులు. సంచులు ఒక మూలకు నెట్టేసి, పన్నెండు గిన్నెలు వరుసగా పెట్టాడు మాస్టర్. పన్నెండూ బోర్లించాకే మళ్లీ నింపి ఇంకో దేగు దగ్గరికి వెళ్లాలన్నది లెక్క. అంటే మొత్తం నూట అరవై ఎనిమిది సార్లు గిన్నె బోర్లాలి. నేను నా అలవాటు కొద్దీ గీతలు పెట్టుకుంటూ కూర్చున్నాను.

తొమ్మిదో దేగు మధ్యలో పెళ్లికూతురి తండ్రి వచ్చి మాస్టర్ భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లాడు. పావుగంట మాట్లాడాడు. మాస్టర్ తిరిగి వచ్చేసరికి యూసుఫ్ చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు.

"ఈ దేగుల ఉప్పు పడ్డదా భయ్యా?"

మాస్టర్ వరుస చూశాడు. మొదటిదైన ఉప్పు గిన్నెతో కలిపి ఏడు బోర్లించి ఉన్నాయి, ఐదు నిలబడి ఉన్నాయి. వంగి ఎనిమిదో గిన్నె ఎత్తాడు.

"నన్నడుగుతవేంది? గిన్నెనడుగు."

యూసుఫ్ వేలితో మాంసానికి పట్టిన మసాలా తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు సరిపోయిందన్నట్టు తల ఊపాడు. పదో దేగు దగ్గర ఖాళీ అయిన గిన్నెలు తానే బోర్లించడం మొదలుపెట్టాడు. పద్నాలుగో దేగు మూత పడేసరికి నా గీతలు సరిగ్గా నూట అరవై ఎనిమిది.

మాస్టర్ ఇప్పటికీ వండుతున్నాడు. పొడి కూడా తీసుకెళ్తాడు. మానెయ్యమని నేను చెప్పలేదు, ఎందుకంటే అది పనిచేయదని నేను రుజువు చేయలేదు. రుజువు చేసింది నా పరీక్ష చెడ్డదని మాత్రమే. నీటి బ్రాహ్మి ఆయనకు ఏమైనా చేసిందా అంటే నాకు తెలియదు.

నేర్చుకున్నది ఇంకోటి. మనిషి మరిచిపోతున్నాడంటే లోపం తలలోనే ఉండాలని లేదు. ఆయన ఇన్నాళ్లూ దేని ఆసరాతో గుర్తుపెట్టుకున్నాడో అది పక్క నుంచి ఎవరో తీసేసి ఉండొచ్చు. ఇప్పుడు ఎవరైనా మతిమరుపని వస్తే డాక్టర్ మాట అయ్యాక, త్రాసు ముట్టుకోకముందు ఒకటి అడుగుతాను: ఈ మధ్య మీ పనిలో ఏం మారింది? అందరూ మొదట ఏమీ మారలేదనే అంటారు. నేను తొందరపెట్టను. కాసేపు కూర్చున్నాక, లేచి వెళ్లబోతూ, "ఒకటి మాత్రం..." అని మొదలుపెడతారు.