కుడితి తొట్టిలో మా పాప

1960 ప్రాంతంలో మా కాపురం విడవలూరులో. పెరట్లో నేలలోకి సగం పాతిన కుడితి తొట్టి ఉండేది. ఒక మధ్యాహ్నం మా ఏడాదిన్నర పాప కనిపించలేదు.

"పాప నీ కాడ లేదా అత్తా?"

"నీ కాడే ఉండాదనుకున్నా గదే!"

ఇద్దరం బావి దగ్గరికి పరుగెత్తాం. అందులో ఏమీ లేదు. ఇంతలో కుడితి తాగబోయిన బర్రె బుస్సుమని వెనక్కి తగ్గింది. తొట్టిలో తవుడు కలిపిన తెల్లటి నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. చెయ్యి ముంచాను. చిన్న కాలు తగిలింది.

బయటికి లాగాను. అత్త పాపను బోర్లా పట్టుకుని వీపు చరిచింది. ఎంతసేపటికో పాప నీళ్లు కక్కి, కెవ్వున ఏడ్చింది.

బావికి గోడ కట్టుకున్నాం గానీ, తొట్టికి మూత పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఆ పాప ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. నేను మాత్రం ఎక్కడ కుడితి కనిపించినా చెయ్యి పెట్టి అడుగు తడుముతాను.