చచ్చిందనుకుని పీకేసిన వరి

మొన్న అల్పపీడనం వదిలాక పామర్రు వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. వారంపాటు నీళ్ల కింద ఉన్న పొలాలు అప్పుడప్పుడే బయటపడుతున్నాయి. ఒండ్రు పూసుకున్న వరి దుబ్బుల్లోంచి పచ్చటి మోసులు కనిపించేసరికి, పక్క సీటావిడ వింతగా చూస్తున్నా పట్టించుకోకుండా పైకే నవ్వేశాను. ముంపును తట్టుకునే వంగడాలంటే నాకంత మక్కువ. వాటి తాతముత్తాతల్ని స్వహస్తాలతో పీకి పారేసిన ఘనురాలిని మరి.

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో వరి పరిశోధనా క్షేత్రంలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. మా ఆఫీసరుగారు ముంపుకు ఓర్చే ఒక నాటురకాన్ని మంచి దిగుబడినిచ్చే రకంతో సంకరం చేసి, ఆ సంతతిని ఏళ్ల తరబడి కంటికి రెప్పలా పెంచుతూ వచ్చారు. ఎత్తుగట్ల మడిలో నాటి, రెండు వారాలు నిండా నీళ్లలో ముంచి, ఏవి బతుకుతాయో చూడటం ఆ ఏటి పని. నీళ్లు తీశాక వారం ఆగి, అప్పుడు చచ్చినవి పీకమని నాకు చెప్పి ఆయన శిక్షణ తరగతులకు విజయవాడ వెళ్లారు. ఆగితే నేను నేనెందుకవుతాను? చురుకైన పిల్లనని మెచ్చుకుంటారన్న ఆశతో, మోకాలి లోతు నీళ్లుండగానే దిగాను. పైకి సాగి నిటారుగా నిలబడ్డవన్నీ గట్టివనుకున్నాను. పొట్టిగా బురదలో అణిగి ఉన్నవి పోయాయనుకుని పీకి గట్టున పడేశాను.

తీరా నీళ్లన్నీ తీసేసరికి, ఆ నిటారు మొక్కలు మూడు రోజుల్లో వాలి గడ్డిలా ఎండిపోయాయి. సాగడానికే ఉన్న సత్తువంతా ఖర్చు పెట్టేసుకున్నాయట. పొట్టివేమో ఎదుగుదల ఆపుకుని, ఒంట్లో పిండిపదార్థం దాచుకుని, నీళ్లు పోయేదాకా ఓపిక పట్టాయని పుస్తకం తిరగేస్తే అప్పుడు తెలిసింది. ఆయన ఏళ్ల శ్రమ, నా ఉద్యోగం రెండూ గట్టున పడేసుకున్నానని అర్థమైంది. అటు చూడటానికి కూడా మొహం చెల్లలేదు. ఆఫీసరుగారు రాగానే ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేశాను. ఆయన నేరుగా గట్టు మీదికి నడిచారు. అక్కడ మొక్కలే లేవు.

నాట్ల ముఠాకు పెద్దదిక్కయిన ముసలామె మమ్మల్ని కాలువ వారకు తీసుకెళ్లింది. మా వైపు నాట్లేసే ఆడవాళ్లు మిగిలిన నారు పారేయరు. మడిలో ఎక్కడైనా మొక్క పోతే పూడ్చడానికని ఓ మూల బురదలో గుచ్చి ఉంచుతారు. నేను పడేసినవాటినీ ఆమె అలాగే గుచ్చేసింది. వరసలు వరసలుగా కొత్త చిగుళ్లు.

"అది సచ్చిందో బతికిందో నాకేం తెలుసండీ, నారు గట్టున పడుంటే చేతులు ఊరుకోవు" అంది.

ఆఫీసరుగారు ప్యాంటు మడుచుకోకుండానే బురదలోకి దిగి ఒక్కో మొక్కనూ తడిమి చూస్తుంటే, నేను చిన్నపిల్లలా గంతులేసి, జారి కాలువలో పడ్డాను. నన్ను పైకి లాగుతూ ఆ ముసలామె నవ్విన నవ్వు ఇప్పటికీ మరిచిపోలేను.

ఇప్పుడు ఆకుముక్క తుంచి ల్యాబుకు పంపితే, ఏది ముంపుకు నిలుస్తుందో ముందే చెప్పేస్తున్నారు. నాలాంటివాళ్ల చేతుల్లో పడి మొక్కలు పోతాయన్న భయం లేదు, సంతోషం. అయినా ఆ పనుల్లో కొత్తగా చేరే అమ్మాయిలను చూస్తే కాస్త జాలేస్తుంది. పోయిందనుకున్న పైరు చిగురేస్తే, కాలువలో పడేంత ఆనందం వాళ్లకెవరిస్తారు?