క్రిస్మస్ రోజు వేళ్లకు అంటిన పుప్పొడి

దయ్యాలు, మహిమలు నేనెప్పుడూ నమ్మలేదు. మా ఇంట్లో ఎవరికైనా గాలి సోకిందంటే నేరుగా దవాఖానకు తీసుకెళ్లేది నేనే. నేను చెప్పిన ఒక అబద్ధాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

గద్వాల దగ్గర ఇరవై ఏళ్లుగా పత్తి విత్తనాల ఆర్గనైజర్‌గా ఉన్నాను. రైతులతో విత్తన పత్తి వేయించి కంపెనీకి ఇప్పించడం నా పని. ఆడ మొక్కల పూలకు మగపూల పుప్పొడిని కూలీలు చేత్తో రుద్దుతారు. దాన్నే క్రాసింగ్ అంటాం. ఆ పనికి లింగాల వైపు నుంచి మరియమ్మ ఏటా పదిహేను మంది ఆడవాళ్లను తీసుకొచ్చేది.

నాలుగేళ్ల కిందట ఒక రైతు విత్తనం స్వచ్ఛత పరీక్షలో ఫెయిలైంది, వేరే రకం కలిసిందని తేలింది. మరియమ్మ ముఠా పూలు కలిపేసిందని పది మందిలో అన్నాను. ఆ తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు. భర్తతో పుణె వెళ్లి ఇటుకలు మోసింది. నిజానికి మూడు రోజులు మగపూలు కోసి తెచ్చింది నేను. తొందరలో వేరే రకం మడిలో కోశాను.

మొన్న డిసెంబరులో కంపెనీ మా ఆర్గనైజర్లను శ్రీలంక టూరుకు తీసుకెళ్లింది. క్రిస్మస్ పొద్దున దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. గైడు సముద్రం పక్కన ఒక చర్చికి తీసుకెళ్లాడు. మా జిల్లాలో కూలీల కోసం ఎన్నో చర్చిల ముందు బండి ఆపాను. లోపల అడుగుపెట్టడం మాత్రం అదే మొదలు.

ప్రార్థన అయ్యాక అందరూ చేతులు కలుపుకున్నారు. ఒక ముసలామె నా కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని, నవ్వి వదిలింది.

బయట మెట్ల మీద మా నర్సింలు నా చేయి చూశాడు. అతనూ ఆర్గనైజరే.

"ఏందన్నా, క్రాసింగ్ చేసొచ్చినవా? పూత అయిపోయి రెండు నెలలాయె" అన్నాడు.

బొటనవేలికీ చూపుడువేలికీ పసుపుపచ్చటి పొడి. గరుకుగా, జిగటగా ఉంది. పత్తి పుప్పొడిని నేను కళ్లు మూసుకుని కూడా గుర్తుపడతాను. లోపలికి వెళ్లి చూశాను. అక్కడున్నవన్నీ కాగితపు పూలు. ముసలామె అక్కడే ఉంది. నేను సైగ చేస్తే అరచేతులు చాపింది. శుభ్రంగా ఉన్నాయి.

చేయి కడుక్కోకుండానే మరియమ్మకు ఫోన్ చేశాను. పండక్కి ఊరొచ్చిందట. మగపూలు తెచ్చింది నేనేనని చెప్పాను.

"తెల్సు సారూ. ఆ పొద్దే తెల్సు" అంది. "నాకెందుకు చెప్తుండ్రు? నన్నన్నది పది మందిల గద. గాడ చెప్పుండ్రి."

తిరిగొచ్చాక విత్తనాల దుకాణంలో, ఆ రైతు ఎదుట, అందరూ వింటుండగా చెప్పాను. వినని వాళ్ల కోసం ఇది రాశాను.

సముద్రం ఒడ్డున, పూతే లేని నెలలో ఆ పుప్పొడి ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. నర్సింలును అడిగినా చూసింది నిజమే అంటాడు, అంతకుమించి ఏమీ చెప్పలేడు.

ఈ ఏడు మరియమ్మను ఇద్దరు ఆర్గనైజర్లు పనికి పిలిచారు. నేనూ ఫోన్ చేశాను. ఎత్తలేదు.