తార్నాకలో లాంచీ

నా భార్య చనిపోయిన సంగతి మీలో కొందరికి ఫ్లెక్సీ చూసి తెలిసి ఉంటుంది. తార్నాక చౌరస్తాలో, ఎంట్రన్సు ర్యాంకుల ఫ్లెక్సీకీ పళ్ళ డాక్టరు ఫ్లెక్సీకీ మధ్య, ఆమె పనిచేసిన యూనివర్సిటీవాళ్ళు కట్టారు. ఆమె గుర్తింపు కార్డు ఫోటోను తలుపంత చేసి, చుట్టూ పావురాలను ఎగరేసి, కింద తమ ఫోటోలు వేసుకున్నారు. ఆమెది ఒకటి. వాళ్ళవి రెండు వరసలు.

ఆసుపత్రిలో, పొద్దున, నేను కిందికెళ్ళి టీ తెచ్చేలోపు పోయింది. ఆ సంగతి ఇంతకు మించి రాయను.

ఆ ఫ్లెక్సీ చూసి ఉంటే ఒక్క మాట అనేది: "నున్నగా ఉంది." మా ఇంట్లో అది తిట్టు. ఎందుకో చెబుతాను.

ఆమె ఇక్కడి యూనివర్సిటీలో జంతుశాస్త్రం చెప్పేది. నదుల్లోని చేపల మీద ఆమె పని. పుట్టింది గోదావరి ఒడ్డున. వాళ్ళ నాన్న లాంచీ నడిపే సరంగు. నేను నల్గొండ వైపు మెట్ట రైతు కొడుకును, కాలేజీలో కామర్సు చెప్పి రిటైరయ్యాను. పెళ్ళినాటికి నేను చూసిన నది మూసీ ఒక్కటే. దాన్ని ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

వాళ్ళ డిపార్టుమెంటుకు ఒకప్పుడు గోదావరి మీద ఒక చెక్క లాంచీ ఉండేది. పైన గది, లోపల బల్లలు, వెనక ఇంజను. విద్యార్థులను ఎక్కించుకుని, చేపల లెక్కకూ నీళ్ళ పరీక్షకూ రోజుల తరబడి నది మీద తిరిగేది. తర్వాత నదిని కంప్యూటరు ముందు కూర్చుని కూడా చదవవచ్చని డిపార్టుమెంటు కనిపెట్టింది. లాంచీ రేవు పక్కన బురదలో పడింది. దాన్ని వంటచెరుకు కింద అమ్మేస్తున్నారని తెలిసి, రిటైరయ్యే ముందు ఆమె పెద్దవాళ్ళ గదుల చుట్టూ తిరిగి, ట్రైలరు మీద క్యాంపస్‌కు తెప్పించింది. డిపార్టుమెంటు వెనక ఒక రేకుల షెడ్డు ఇచ్చారు. లాంచీని బాగుచేసి మళ్ళీ గోదావరిలో దింపాలి. పిల్లలు మళ్ళీ నది మీదికి వెళ్ళి చదువుకోవాలి. ఆమె కోరింది అంతే.

"తార్నాకల నది ఎక్కడుంది మేడమ్?" అని ఇప్పటి హెడ్ నలుగురిలో నవ్వాడు. ఆమె దగ్గర చదువుకున్నవాడే.

"లేదు నాయనా. చదువు లేని చోట డిపార్టుమెంటు నడుస్తోంది కదా, ఇదీ అలాగే" అంది.

ఆమె హ్యాండ్‌బ్యాగులో కళ్ళజోడు పక్కన పసుపు పిడి ఉన్న స్క్రూడ్రైవరు ఉండేది. చెక్కలో కుళ్ళు పైకి కనిపించదు. రంగు వేస్తే అసలే కనిపించదు. మొనతో పొడిచి చూడాలి. మంచి చెక్క మొనను ఆపేస్తుంది, కుళ్ళిన చెక్క మర్యాదగా లోపలికి పిలుస్తుంది. మెట్రో స్టేషన్లో బ్యాగు తనిఖీ చేసే అమ్మాయి దాన్ని బయటికి తీసి, "అమ్మా, గిది ఆయుధం కిందికొస్తది" అంది. "కాదమ్మా, స్టెతస్కోపు" అంది మా ఆవిడ. ఆ రోజు నుంచి ఆటోలోనే తిరిగింది. స్క్రూడ్రైవరును ఇంట్లో పెట్టి వెళ్ళాలన్న ఆలోచన ఆమెకు రాలేదు.

ముషీరాబాద్‌లో టేకు పలకల కోసం ఒక కలప డిపోకు వెళ్ళాం. యజమాని ఒక పలకను తుడిచి చూపించాడు.

"అమ్మా, ఏక్ నంబర్ మాల్. చెయ్యి పెట్టి చూడుండ్రి, అద్దం లెక్క ఉంటది."

ఆమె చెయ్యి పెట్టలేదు. పొడిచింది. స్క్రూడ్రైవరు పిడి దాకా దిగింది.

"నున్నగా ఉంది" అంది.

"నేను జెప్పలే?" అన్నాడాయన, సంతోషంగా.

హబ్సిగూడలో మా చుట్టం ఒకాయన కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి పిలిస్తే, గుమ్మానికి పూలదండ కడుతుండగా ద్వారబంధాన్ని కూడా పొడిచి చూసింది. ఆ చుట్టం తర్వాత మా ఇంటికి రాలేదు. మేమేమీ నష్టపోలేదు.

మూడు నాలుగేళ్ళు ఆ షెడ్డే మా ఇల్లు. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, కుచ్చిళ్ళు దోపుకుని లాంచీ కిందికి దూరేది. కుళ్ళిన పలకలు తీయించి కొత్తవి వేయించింది. పలకకూ పలకకూ మధ్య సందుల్లో నూలు కూరి, గుగ్గిలం కలిపిన నూనె తనే పట్టించేది. ఇంజను విప్పించి మళ్ళీ బిగించింది. నా పని టార్చి పట్టుకోవడం.

"టార్చి కూడా కామర్సులాగే పట్టుకుంటారేమిటండీ? వెలుగు నా చేతి మీద కాదు, చెక్క మీద పడాలి."

పోయినేడాది వానలకు, పరీక్ష కోసం ఊరి బయట ఒక చెరువులో దింపాం. హెడ్ వచ్చాడు. ఫోటోగ్రాఫరు వచ్చాడు. శాలువాలు వచ్చాయి. లాంచీ నీళ్ళలోకి దిగీ దిగగానే పలకల సందుల్లోంచి నీళ్ళు లోపలికి రావడం మొదలైంది. హెడ్ బూట్లు చేతిలో పట్టుకుని ఒడ్డుకు దూకాడు.

"మేడమ్, మునుగుతున్నది! దిగుండ్రి మేడమ్!"

"మునగదు. చెక్క తాగుతోంది. ఎన్నేళ్ళ దాహమో. తాగనివ్వు."

ఒడ్డున ఎండిన చెక్క కుంచించుకుపోతుంది, సందులు పడతాయి. నీళ్ళలో నానాక ఉబ్బి ఆ సందులను తనే మూసుకుంటుంది. అందుకే సందుల్లో నూలులాంటి మెత్తటిదే కూరాలి. గట్టిది పెడితే ఉబ్బే చెక్కకు చోటు ఉండదు. పలకలు పగులుతాయి, మేకులు ఊడతాయి. కామర్సు చదివిన నాకు అర్థమైన ఈ విషయం అక్కడున్న డాక్టరేట్లలో ఒక్కరికీ ఎక్కలేదు. నీళ్ళు కారుతున్న లాంచీని ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయారు. శాలువాలు కూడా తిరిగి పట్టుకుపోయారు.

లాంచీలో మేమిద్దరమే మిగిలాం. నేను కాళ్ళు బల్ల మీదికి ముడుచుకున్నాను.

"కాళ్ళు దించండి. నీళ్ళు పెరుగుతున్నాయో ఆగాయో కంటికి తెలీదు, కాలికే తెలుస్తుంది."

దించాను. ఆమె డబ్బా విప్పి నా చేతిలో పులిహోర పెట్టింది.

"భయంగా ఉందాండీ?"

"ఉన్నది."

"ఉండనివ్వండి. కదలకండి."

నీళ్ళు చీలమండ దగ్గర ఆగాయి. మర్నాడు తోడేస్తే మళ్ళీ ఊరలేదు. ఆ మాట చెప్పడానికి ఆమె హెడ్‌కు ఫోను చేస్తే మీటింగులో ఉన్నాడు. ప్రయోగం విఫలమైందని అప్పటికే రాసేశారు.

లాంచీని మళ్ళీ షెడ్డుకు తెచ్చాం. చెక్క మళ్ళీ ఎండకుండా ఎండాకాలమంతా ఆమె రోజూ తడి గోనెపట్టాలు కప్పింది. ఈ వానలకు గోదావరికి తీసుకెళ్ళాలనుకుంది. లారీ కూడా మాట్లాడుకుంది. ఇంతలో ఆసుపత్రి.

మంచం దగ్గరికి హెడ్ బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. ఫోను తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు.

"మేడమ్, సర్‌ప్రైజ్! మీరు రెస్ట్‌ల ఉన్నరని మేం ఊకె కూసోలే. బోటు మొత్తం ఫినిష్ చేయించినం. చూడుండ్రి, ఒక్క గ్యాప్ లేదు."

నేనూ చూశాను. గోనెపట్టాలు తీసి పారేశారు. ఎండి నోళ్ళు తెరిచిన సందులన్నింటినీ గోడలకు వేసే గట్టి పుట్టీతో నింపి, పైన నీలం రంగు కొట్టారు. తళతళలాడుతోంది. ఆమె చాలాసేపు చూసి ఫోను తిరిగి ఇచ్చింది.

"నున్నగా ఉంది."

"థాంక్యూ మేడమ్!" అన్నాడు.

వాడు వెళ్ళాక కళ్ళు మూసుకుని, "తవ్వేయండి" అంది.

"సరే."

"లోపలి నూలు కదలకుండా."

"సరే" అన్నాను.

సంతాప సభ డిపార్టుమెంటు హాల్లో జరిగింది. ఒకరు ఆమెను నదీమాత అన్నారు. ఒకరు ఆమె సబ్జెక్టు వృక్షశాస్త్రం అనుకుని మొక్కల గురించి మాట్లాడారు. లాంచీ నవ్వులాట అన్నవాళ్ళే దాన్ని మేడమ్ కల అన్నారు. ఆ కలను సిమెంటు దిమ్మె మీద నిలబెడతారట. అడుగున రంధ్రాలు కొట్టి, లోపల మట్టి పోసి మొక్కలు నాటుతారట. ముందు ఫౌంటెను. పిల్లలు సెల్ఫీలు దిగుతారు. రిబ్బను నేను కత్తిరించాలి.

నన్ను మాట్లాడమన్నారు. "లాంచీని నీళ్ళలో దింపాలి. ఆమె కోరింది అది" అన్నాను. చప్పట్లు కొట్టారు. "సార్ ఎమోషన్ మనందరికీ అర్థమైంది" అని హెడ్ మైకు తీసుకుని ఫౌంటెను గురించి చెప్పాడు.

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ఆమె బ్యాగులో కళ్ళజోడూ స్క్రూడ్రైవరూ ఉన్నాయి. మర్నాడు పొద్దున దాన్ని తీసుకుని క్యాంపస్‌కు నడిచాను. మొదటి సందు దగ్గర కూర్చుని పుట్టీ పెళ్ళగించడం మొదలుపెట్టాను. సెక్యూరిటీ అతను వచ్చాడు.

"సార్, గిదేంది? పర్మిషన్ ఉన్నదా?"

"ఉన్నది."

"ఎవలిది?"

"మేడమ్‌ది."

అతను వెళ్ళి కుర్చీ తెచ్చి ఇచ్చాడు. "కింద కూసుంటే నడుం పోతది సార్" అన్నాడు. ఆమె పోయాక ఆ క్యాంపస్‌లో నేను విన్న వాటిలో పనికొచ్చిన మాట అదొక్కటే.

రోజూ వెళ్ళాను. పెళ్ళగించడం, తడి గోనె కప్పడం. నీలం రంగు పెచ్చులుగా రాలింది. అడుగంతా సందులు బయటపడ్డాయి. దిమ్మెకు కొలతలు తీసుకోవడానికి హెడ్ కాంట్రాక్టరును వెంటబెట్టుకుని వచ్చేసరికి లాంచీ గీరి పారేసినట్టుంది.

"ఏంది సార్ ఇది? ఎవరు చేసిన్రు?"

"నేను."

"మంచిగ చేయిస్తే మొత్తం ఖరాబు చేసిన్రు కద సార్! దీన్ని ఎట్ల నిలబెడతం? చీఫ్ గెస్ట్ వస్తడు. చూసి ఏమనుకుంటడు?"

"పాత లాంచీ అనుకుంటడు."

వాడు ఆలోచనలో పడ్డాడు. వాడికి అలవాటు లేని పని కాబట్టి నేను తొందరపెట్టలేదు.

"ఒక పని చేద్దాం సార్. దీన్ని తుక్కు కింద రాసేస్త. మీరే తీస్కపోండ్రి. దీని జాగల ఫైబర్ బోటు పెడతం. బ్రాండ్ న్యూ."

"పెట్టుండ్రి. నున్నగుంటది."

"అంతే కద సార్!" అన్నాడు, సంతోషంగా.

లాంచీ ఇప్పుడు గోదావరి మీద, ఆమె పుట్టిన ఊరి రేవులో ఉంది. పుట్టీతో పాటు నేను నూలును కూడా లాగేసిన చోటల్లా రేవువాళ్ళు మళ్ళీ కూరారు. దగ్గర్లోని కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఒకామె తన విద్యార్థులను నది మీదికి తీసుకెళతానంది. చెక్క బాగుందో లేదో ముందు చూసుకోవాలి కదా సార్ అని మొహమాటపడింది. స్క్రూడ్రైవరు ఇచ్చాను. నాలుగు చోట్ల పొడిచింది. ఎక్కడా దిగలేదు.

ఈ రోజు పొద్దున దింపారు. సందుల్లోంచి నీళ్ళు రావడం చూసి రేవువాళ్ళు ఎవరూ కంగారు పడలేదు. టీ తాగడానికి వెళ్ళారు. నేను లోపల బల్ల మీద కూర్చున్నాను. ఎదుటి బల్ల ఖాళీ. కాళ్ళు వాటంతటవే పైకి ముడుచుకోబోతే కిందికి దించాను. నీళ్ళు చల్లగా మడమ దాటి పైకి వచ్చాయి.

భయంగా ఉంది. ఉండనిచ్చాను. కదల్లేదు. చాలాసేపటికి చూసుకుంటే, నీళ్ళు చీలమండ దగ్గరే ఉన్నాయి.