ఉప్పుమడుల మేనత్త

మా మేనత్త మొన్న మంగళవారం గద్వాల ఆసుపత్రిలో కన్నుమూసింది. తమ్ముడు ఫోన్లో చెప్పగానే నాకు ఏడుపు కన్నా ముందు ఆమె గొంతే వినిపించింది: "ఏడ్చుడు తర్వాత, ముందుగాల పొయ్యి మీద పాలు చూడు."

నూలుకు రంగులద్దే ఇంట్లో పుట్టి, వనపర్తిలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పింది. ప్రయోగశాలకు కూడా గద్వాల చీరే కట్టుకునేది. యాసిడ్ పడి కొంగుకు చిల్లులు పడితే, "ఇవే నా సర్టిఫికెట్లు" అని చూపించేది.

తొంభైల మొదట్లో, అమరచింత దగ్గర ఆమె అత్తగారి ఊళ్లో బోరు ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు పెట్టారు. ఊరు సంబరపడింది. కానీ మంచినీళ్లు తీయగా మిగిలిన చిక్కటి ఉప్పునీళ్లు కాలువ వెంట పోయి పక్కనున్న ముసలి రైతు వేరుశనగ చేనును మాడ్చేశాయి. ఆయన వచ్చి ప్లాంటు పైపు మీదే కూర్చున్నాడు.

"మీరు తియ్యటి నీళ్లు తాగుతరు, నా చేను ఉప్పు తాగాల్నా? వానలు పడేలోపల బంద్ చెయ్యకుంటే నేనే పలగ్గొడ్త."

ఆయన మాటలో తప్పేం లేదు. ప్లాంటు ఆగితే మాత్రం ఊరంతా మళ్లీ ఆ ఉప్పునీళ్లే తాగాలి. అప్పుడు మా అత్త ముందుకొచ్చింది.

"కాకా, ఒక్క చుక్క గూడ నీ చేన్ల పడనియ్య. జర ఓపిక పట్టు."

ప్లాంటు పక్క ఖాళీ జాగాలో లోతు లేని సిమెంటు మడులు కట్టించి, ఆ నీళ్లను వాటిలోకి మళ్లించింది. "పాలమూరు ఎండను తిట్టుడే గానీ దానికి పని చెప్పినోళ్లు లేరు" అనేది.

నూలుకు రంగు పట్టాలంటే తొట్టిలో ఉప్పు వేయాలి. అందుకని మొదట తేలిన ఉప్పును మా నాన్నకే తెచ్చింది. నూలు మరకలు మరకలుగా వచ్చింది.

"గిదేంది చెల్లె? నెమలికంఠం రంగు అడిగితే పొడల మేక లెక్కొచ్చింది."

అత్త ఆ ఉప్పును నాలుక మీద వేసుకుని ఫక్కున నవ్వింది. మా ఇళ్లలో తొట్టిలో మిగిలిన రంగునీళ్లు పారబోయరు, తర్వాతి నూలు అందులోనే ముంచుతారు. ఆ అలవాటుతోనే మడిలో ఆఖరి చుక్క దాకా ఎండబెట్టింది. ఆ ఆఖరి నీళ్లలోనే చేదు మెగ్నీషియం ఉంటుంది. అదంతా ఉప్పులో కలిసిపోయి, రంగును సమంగా పట్టనివ్వలేదు.

"పాఠం చెప్పేది నేనే, పుట్టింటి బుద్ధి మాత్రం పోనిచ్చుకోలే అన్నా" అంది.

ఆ తర్వాత మొదటి మడిలో సున్నంలాంటి జిప్సం అడుగున పేరుకోనిచ్చి, పైనీళ్లు రెండో మడిలోకి వదిలి ఉప్పు తీసేది. మిగిలిన చేదునీళ్లను వేరే తొట్టిలో ఎండబెట్టి, ఆ మెగ్నీషియం ఉప్పును కాలేజీ ప్రయోగాలకు తీసుకుపోయేది. ఈసారి నూలు మీద నెమలికంఠం నిగనిగలాడింది. నాన్న ఆ నూలు కండెను వీధంతా తిప్పి చూపించాడు.

"పారబోసేదాంట్ల ఏముందో చూడకుండ పారబొయ్యొద్దు. సముద్రం ఒడ్డున గీ పని చేస్తే ఇంకెన్ని లోహాలు దొరుకుతయో" అనేది. ఇప్పుడు పేపర్లలో అదే మాట చదివినప్పుడల్లా, మా అత్త ఎప్పుడో చేసిందని పక్కవాళ్లకు చెబుతుంటాను. కొంచెం ఎక్కువే చెబుతానేమో, చెప్పనివ్వండి.

ఆ ఏడు తొలకరి వానలకు చేన్లోని ఉప్పు కడుక్కుపోయాక ఆ ముసలి రైతు ఎడ్లతో వచ్చాడు. అత్త మడిగట్టు మీద నిలబడి చూస్తోంది. ఆయన గట్టు కింది మట్టి చిటికెడు తీసి నాలుకకు తాకించుకున్నాడు. ఉప్పు తగల్లేదేమో, వెళ్లి ఎడ్లను అదిలించాడు. వేరుశనగ విత్తుకుంటూ వచ్చి, ఆఖరి సాలును ఆమె కాళ్ల కిందనుంచి, మడిగోడకు ఆనించి తోలుకుపోయాడు.